మైకు ఎవరి చేతికి ఇచ్చారు

శాలువా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ చలిదేశంలో ఇన్నేళ్ళు బతికిన మనిషి అనాల్సిన మాట కాదు గానీ, నిజం. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. అప్పటినుంచీ కాలికి క్యాలిపర్, చేతిలో కర్ర. పరీక్ష పాసైతే శాలువా కప్పారు. ఉద్యోగం వస్తే శాలువా కప్పారు. ఈ దేశం వచ్చాక ఒక సభలో ఊరికే ముందు వరసలో కూర్చున్నందుకు కూడా పిలిచి కప్పారు. "ఈమెను చూసి మనమంతా ఎంతో నేర్చుకోవాలి" అంటారు. ఏం నేర్చుకోవాలో ఎవరూ చెప్పరు. నేను స్టేజీ మెట్లు ఎక్కుతుంటే చప్పట్లు కొడతారే తప్ప, ఆ మెట్ల పక్కన ఒక ర్యాంప్ వేయిద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాదు.

దివ్యాంగులు అన్న మాట కూడా నా ముందు అనకండి. నా కాల్లో దివ్యమైనదేదీ లేదు.

నా ఉద్యోగం ఇంగ్లండులోని కోవెంట్రీలో, కౌన్సిల్ అనే మునిసిపల్ ఆఫీసులో ఇళ్ళ రిపేర్ల ఫోన్లు ఎత్తడంతో మొదలైంది. చివరి కొన్నేళ్ళు మాత్రం లండన్ శివారు హేస్‌లో ఒక వికలాంగ కళాకారుల బృందానికి కోఆర్డినేటర్‌గా చేశాను. వికలాంగుల కోసం ఇంకెవరో నడిపేది కాదది. వాళ్ళే నడుపుకునేది. నిర్ణయాలు వాళ్ళవి, తగాదాలు వాళ్ళవి. హాలు బుక్ చేయడం, ట్యాక్సీవాళ్ళతో పోట్లాడటం, "మా బిల్డింగులో అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ" అని ఫోన్లో చెప్పినవాళ్ళ బిల్డింగుకు వెళ్ళి గుమ్మంలోనే రెండు మెట్లు చూసి తిట్టుకుంటూ తిరిగి రావడం నావి. మీలో ఎవరైనా ఇలాంటి పనిలో చేరబోతుంటే, ముందు ఓపిక ఎంతుందో చూసుకోండి. నాకు లేదు. లేకుండానే నెట్టుకొచ్చాను.

మా సభ్యుల్లో చాలామంది ఇంకెక్కడో తలుపు తట్టి విసిగిపోయి వచ్చినవాళ్ళు. గ్యాలరీలకు వెళితే "మా చారిటీ విభాగాన్ని కలవండి" అన్నారు. మనవాళ్ళ సంఘాలకు వెళితే పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి స్వీటు పెట్టి పంపారు. బొమ్మలు వేసే ఒకాయనకు చెవులు వినపడవు, సైన్ భాషలో మాట్లాడతాడు. ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడకు మైగ్రేన్. సైగలు కనబడాలంటే ఆయనకు లైట్లన్నీ వెలగాలి. లైట్లు వెలిగితే ఈవిడ తల పట్టుకుంటుంది. ఒక మధ్యాహ్నమంతా ఈ లైట్ల గురించే మీటింగు జరిగింది. చివరికి సైగలు చేసే మనిషి పక్కన టేబుల్ ల్యాంపు ఒకటి పెట్టి, మిగతావి ఆర్పేశాం. ఆ ల్యాంపు నాకు మొదటి నిమిషంలోనే తట్టింది. కానీ అందరూ మాట్లాడేదాకా ఏదీ తేల్చకూడదని బృందం నియమం. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

దీనికంటే కష్టమైన నియమం ఇంకోటి ఉండేది. ఎదుటి మనిషి మాటను మనం పూర్తి చేయకూడదు. ఎంతసేపు పట్టినా, ఏం చెప్పబోతున్నారో తెలిసినా, నోరు మూసుకుని వినాలి. ఎవరైనా తొందరపడి అందిస్తే ఆ రోజు టీ కప్పులన్నీ వాళ్ళే కడగాలి. అందరికంటే ఎక్కువ కప్పులు నేనే కడిగాను.

ఈ నియమం పెట్టించింది మా కథలు చెప్పే అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటాయి. పుట్టింది, పెరిగింది హేస్‌లోనే. సెరిబ్రల్ పాల్సీ. ఎలక్ట్రిక్ వీల్‌చైర్. మాట ఒక్కొక్కటీ నెట్టుకుంటూ, మధ్యలో ఆగుతూ వస్తుంది. కొత్తవాళ్ళకు మొదట ఏమీ అర్థం కాదు. ఐదు నిమిషాలు ఓపిక పడితే చెవి అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఆమె చెప్పే కథలకు పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. ఇంగ్లీషులో ఎన్నో ఊళ్ళలో చెప్పింది. వాళ్ళమ్మ ప్రతి గురువారం వ్యాన్‌లో తీసుకొచ్చి దించేది. ఏలూరు వైపు మనిషి, పొడగరి, మాట నెమ్మది. కూతురు వద్దనడంతో ఎప్పుడూ లోపలికి వచ్చేది కాదు.

ఒక గురువారం ఆ అమ్మాయి నా దగ్గరికి కుర్చీ నడుపుకుంటూ వచ్చి, "ఆంటీ, ఈసారి తెలుగులో చేస్తా," అంది.

తెలుగులో ఎందుకని అడిగాను. ఆమె చెప్పడానికి కొంతసేపు పట్టింది. నేను పెదాలు బిగబట్టి విన్నాను. సారాంశం ఇది: చిన్నప్పటినుంచీ తెలుగువాళ్ళ ప్రతి ఫంక్షన్‌కూ వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. ప్రతి చోటా ఎవరో ఒకరు ఈమె ముందే నిలబడి, ఈమె తల మీదుగా వాళ్ళమ్మను అడిగేవాళ్ళు, "అమ్మాయికి అన్నీ అర్థమవుతాయా?" అని. ఇంగ్లీషువాళ్ళు తన కథలు విన్నారు. సొంతవాళ్ళు ఒక్కసారి కూడా తన గొంతు వినలేదు. "They've known me all my life, ఆంటీ. ఒక్కసారి... నా నోటితో... వినాలి," అంది.

నాకు చాలా నచ్చింది. భయమూ వేసింది. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు.

ఆర్నెల్లు తయారుచేసింది. పదిహేను నిమిషాల కథ. ఫంక్షన్‌లో పెద్దవాళ్ళు, పట్టుచీరల ఆంటీలు, ఫొటోలకు మాత్రం పక్కన నిలబడే అంకుల్స్, అందరూ ఉన్నారందులో. మా బృందంలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే అయినా రిహార్సల్‌కు అందరూ కూర్చునేవాళ్ళు. బొమ్మల ఆయన ఆమె ముఖం చూసే నవ్వేవాడు.

అప్పుడే దగ్గర్లోని స్లౌలో ఒక తెలుగు సంఘం వాళ్ళు వార్షికోత్సవానికి పిలిచారు. సెక్రటరీ అనంతపురం వైపు కుర్రాడు, సాఫ్ట్‌వేర్‌లో పని. మర్యాదస్తుడు. నేను ఫోన్లో ర్యాంప్ గురించి, మైకు స్టాండు ఎత్తు గురించి, పదిహేను నిమిషాల గురించి, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదన్న దాని గురించి అంతా చెప్పాను. మళ్ళీ చెప్పాను.

"ఏం టెన్షన్ పడొద్దు ఆంటీ. అంతా నేను చూసుకుంటా కదా. మీరు నాకు వదిలేయండి."

ఎవరైనా "నాకు వదిలేయండి" అన్నారంటే ఆ పని అయినట్టే కాదని కౌన్సిల్ రోజుల నుంచీ తెలుసు నాకు. అయినా వదిలేశాను. ఇంకేం చేస్తాను?

ఆ రోజు ర్యాంప్ వేశారు. ఆ ఒక్క విషయంలో సెక్రటరీకి ఇప్పటికీ దండం పెడతాను. మిగతాదంతా మన పద్ధతిలోనే జరిగింది. ఐదింటికి మొదలవ్వాల్సిన కార్యక్రమం ముఖ్య అతిథి పార్కింగ్ దొరక్క తిరుగుతున్నాడని ఆలస్యమైంది. జ్యోతి వెలిగించారు. జ్యోతి వెలగలేదు, మళ్ళీ వెలిగించారు. పిల్లల డాన్సులు, ఒక డాన్సుకు పాట ఆగిపోతే మొదట్నుంచీ ఇంకోసారి. స్పాన్సర్ గారి ప్రసంగం. ఆయన హైదరాబాద్ ప్లాట్ల గురించి ఎంతసేపు మాట్లాడాడో, ఆయన్ని దించడానికి ఒక్కరికీ ధైర్యం చాల్లేదు. లక్కీ డ్రా. ముఖ్య అతిథి ప్రసంగం. మేం మాత్రం స్టేజీ పక్కన కర్టెన్ దగ్గర, డోలక్‌ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం.

సెక్రటరీ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఆంటీ, హాల్ కేర్‌టేకర్ తాళాలు పట్టుకుని నిలబడినాడు. భోజనాలు కూడా పెట్టాల. కొంచెం షార్ట్ చేసుకుంటారా?"

"ఎంత షార్ట్?"

"ఐదు నిమిషాలు. లేకపోతే ఏం చేద్దామంటే, సన్మానం మాత్రం పెట్టుకుందాం. శాలువా రెడీగా ఉంది."

నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. అవి ఇక్కడ రాయను, వాళ్ళమ్మ చదవచ్చు. ప్లాట్లాయనకు దొరికిన టైము ఈమెకు ఎందుకు దొరకదన్నాను. పాపం వాడు, "అట్ల కాదాంటీ, అట్ల కాదాంటీ" అంటూ నిలబడ్డాడు. ఈలోపు ఆ అమ్మాయి కుర్చీ కదిలింది. ఐదైతే ఐదే అన్నట్టు నావైపు చూసి, ర్యాంప్ మీదుగా స్టేజీ మీదికి వెళ్ళిపోయింది. నిండు హాలు. ముందు వరసలో వాళ్ళమ్మ.

స్టేజీ మీద యాంకరమ్మాయి ఉంది. మాస్టర్స్ చదువుతున్న పిల్ల, మంచి మనసు, అంతకు మించిన ఉత్సాహం. తను దిగిపోవాలని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. పక్కనే నిలబడింది.

"నమస్కారం. నేను... ఇక్కడే..."

"ఇక్కడే పుట్టారంట! ఒకసారి గట్టిగా చప్పట్లు!"

చప్పట్లు. మా అమ్మాయి ఆగింది. ఊపిరి తీసుకుంది.

"చిన్నప్పట్నుంచీ... మీ ఫంక్షన్లంటే... నాకు..."

"మన ఫంక్షన్లంటే తనకి చాలా చాలా ఇష్టమంట! సో స్వీట్!"

అసలు వాక్యం "మీ ఫంక్షన్లంటే నాకు కడుపునొప్పి వచ్చేది" అని. నేను కర్టెన్ వెనక నుంచి యాంకర్‌కు చేతులు ఊపాను. ఆ పిల్ల నాకు నవ్వుతూ తిరిగి చేయి ఊపింది.

మూడో వాక్యం యాంకర్‌కు అందలేదు. కాసేపు తంటాలు పడి, ముందు వరసవైపు తిరిగింది. "ఆంటీ గారూ, మీకైతే తన మాట అర్థమవుతుంది కదా. మీరొచ్చి చెప్పరా, ప్లీజ్?"

హాలంతా మళ్ళీ చప్పట్లు. తల్లి వద్దు వద్దంటూనే లేచింది. ఎవరో చేయి పట్టుకుని ఎక్కించారు. యాంకర్ స్టాండు నుంచి మైకు పీకి తల్లి చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంది. ఆర్నెల్ల పని అలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. నా కంట్లో నీళ్ళు తిరిగాయి, కోపంతో.

ఆ అమ్మాయి తల్లిని చూసింది. తర్వాత జనాన్ని చూసింది. కథ ఆపలేదు. "అమ్మాయికి అర్థమవుతుందా అని... మా అమ్మనడుగుతారు. మీకు... అర్థమవుతుందా అని... నేనడుగుతున్నా."

తల్లి మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖంలో ఒక్క క్షణం తడబాటు. "మీరంతా చూపించే అభిమానానికి చాలా థాంక్స్ అంటోందండీ."

నలుగురిలో పరువు పోకూడదని, ఎవరి మనసూ నొచ్చుకోకూడదని, కూతురి మాటను అలా చక్కదిద్ది చెప్పడం ఆవిడకు ముప్పై ఏళ్ళుగా అలవాటు. జనం చప్పట్లు కొట్టారు. అమ్మాయి కొట్టనిచ్చింది. అవి ఆగాక, వాళ్ళమ్మ ముఖంలోకి చూస్తూ అంది.

"మా అమ్మ... అబద్ధం... చెప్తోంది."

వెనక వరసలో నుంచి ఎవరో, "ఏమంటోందండీ పాప?" అని అరిచారు. తల్లి కొంగుతో మెడ తుడుచుకుంది. హాలంతా ఆవిడనే చూస్తోంది. తప్పించుకునే దారి లేదు.

"నేను అబద్ధం చెప్తున్నానంటోందండీ."

హాలు పగిలిపోయేట్టు నవ్వారు. ఆ సాయంత్రం మొత్తానికి అదే మొదటి అసలైన నవ్వు. ఇక అక్కణ్ణుంచి ఆవిడ మార్చలేదు. అమ్మాయి ఒక వాక్యం, తల్లి ఒక వాక్యం. "మీ ఫంక్షన్లంటే కడుపునొప్పి వచ్చేదంటండీ." "ఫొటో అయిపోగానే నా కుర్చీని ఫ్రిజ్ పక్కన పెట్టేవాళ్ళు అంటోందండీ." జనం నవ్వుతున్నారు, కొందరు తలలు దించుకుంటున్నారు. తల్లి గొంతు కూడా కొంచెం కొంచెంగా లేచింది. మైకు పోయిందన్న ఏడుపు అట్లాగే ఉన్నా, నేను కూడా నవ్వాను.

అప్పుడు రిహార్సల్‌లో నేనెప్పుడూ వినని మాట ఒకటి వచ్చింది.

"అమ్మాయి ఎలా ఉందని... అందరూ అడిగారు. మా అమ్మని... నువ్వెలా ఉన్నావని... ఎవరూ అడగలేదు. నేను కూడా."

తల్లి మైకు పైకెత్తింది. నోరు తెరిచింది. మైకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది. "ఏంటంట? ఏంటంట?" అన్నారు జనం. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

అమ్మాయి మళ్ళీ చెప్పింది. మైకు లేదు. అంత గొంతు ఆమెకు ఉందని నాకే తెలియదు. హాలు నిశ్శబ్దమైపోయింది. పిల్లల్ని కూడా ఎవరో ఊరుకోబెట్టారు. ఆ రెండు మూడు మాటల్నీ, మధ్యలో ఆగిన చోట్ల ఆగుతూ, అందరూ విన్నారు. ఎవరూ పూర్తి చేయలేదు.

సరిగ్గా అప్పుడు శాలువా వచ్చింది.

సెక్రటరీకి కేర్‌టేకర్ తాళాలు తప్ప ఇంకేం కనిపించడం లేదు. ముఖ్య అతిథిని తీసుకొచ్చి గబగబా శాలువా కప్పించేశాడు. దాని అంచు కుర్చీ చక్రంలో పడింది. అమ్మాయి కదలబోతే ఇంకాస్త చుట్టుకుంది. కుర్చీ బిగుసుకుపోయింది. ముఖ్య అతిథి ఒకవైపు, స్పాన్సర్ ఒకవైపు లాగారు. యాంకర్, "భోజనాలు రెడీ!" అని ప్రకటించింది. నేను వంటగదిలోకి కుంటుకుంటూ పోయి కత్తెర తెచ్చి, వాళ్ళందరినీ పక్కకు జరగమని, ఆ జరీ శాలువాను పరపరా కత్తిరించాను. నా ఉద్యోగ జీవితంలో అంత సుఖంగా చేసిన పని ఇంకోటి లేదు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో ముగ్గురం ఉన్నాం. "You took my mic, అమ్మా," అంది కూతురు. "ఇస్తే తీసుకున్నాను," అంది తల్లి. కాసేపటికి, "నలుగురిలో ఆ మాట అనాలా? ఇంట్లో అడగొచ్చు కదా," అంది. నేను ముందు సీట్లో కూర్చుని బయటికి చూస్తున్నాను. వాళ్ళు ఆ పూట గెలిచారో ఓడిపోయారో నాకు తేలలేదు. పదిహేను నిమిషాల కథకు బదులు ఆమె గొంతుతో జనం విన్నది ఆ ఒక్క మాటే.

మర్నాడు సెక్రటరీ ఫోన్ చేశాడు. "సూపర్ హిట్ ఆంటీ! వచ్చే ఏడు కూడా పెట్టుకుందాం. తల్లీకూతుళ్ళ కామెడీ స్కిట్ అని వేద్దామా?" నేను ఫోన్ పెట్టేసి నీళ్ళు తాగాను.

తర్వాతి గురువారం తల్లి వ్యాన్ దిగి, కూతురి వెనకే లోపలికి వచ్చింది. చేతిలో హ్యాండ్‌బ్యాగు, మంచి చీర. అందరికీ నమస్కారం పెట్టి, "నాకూ ఓ కుర్చీ వెయ్యండి. నాకూ చెప్పాలని ఉంది," అంది.

ఇంకేముంది, మీటింగు. ఇది వికలాంగులు నడిపే బృందం, ఆవిడ వికలాంగురాలు కాదు. కాకపోయినా తల్లి కదా అని ఒకరు. తల్లులు వస్తే ఇంక మనం నోరెత్తం అని ఇంకొకరు. బొమ్మల ఆయన సైగల్లో చాలాసేపు చెప్పాడు: తన చిన్నప్పుడు అమ్మ ఇంట్లో సైగలు చేయనిచ్చేది కాదట. అదంతా ఆవిడ అక్కడే కూర్చుని వింది. చివరికి అందరూ ఆ అమ్మాయివైపు తిరిగారు.

ఆమె కుర్చీని తల్లివైపు తిప్పింది. "అమ్మా... నువ్వు లేకుండా... నేనుండే చోటు... ఇదొక్కటే."

తల్లి లేచింది. కోపం లేదు. బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "సరేనమ్మా. నిజమే. మరి నాకేదీ?" అంది. ఎవరినీ ఉద్దేశించి కాదు. అని బయటికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి చెప్పింది సబబే. ఆవిడ అడిగిందీ సబబే. ఇన్నేళ్ళ అనుభవంలో నాకు జవాబు దొరకని మీటింగు అదొక్కటే. మీకు దొరికితే నాకు చెప్పండి, కానీ "నాకు వదిలేయండి" అని మాత్రం అనకండి.

కొన్నాళ్ళకు నేను రిటైరయ్యాను. నాకు శాలువా కప్పలేదు, కప్పితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. ఆ అమ్మాయి తన కథను తర్వాత లెస్టర్‌లో, చిన్న హాల్లో, కొద్దిమంది తెలుగువాళ్ళ ముందు పూర్తిగా చెప్పింది. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ నవ్వలేదట. ఆ తర్వాత ఆపలేదట.

నేను చేసింది ఒక్కటే. వాళ్ళమ్మను మా ఇంటికి పిలిచాను. వికలాంగ పిల్లలున్న, నాకు తెలిసిన ఇంకొందరు తల్లుల్ని పిలిచాను. హేస్ నుంచి ఇద్దరు, స్లౌ నుంచి ఒకరు. పిల్లల గురించి మాట్లాడకూడదు, మీ గురించే చెప్పాలి అన్నాను. మొదటావిడ, "మా బాబుకి ఈ మధ్య ఫిట్స్..." అని మొదలుపెట్టింది. ఆపాను. రెండో ఆవిడ, "మా పాప స్కూల్లో..." అంది. ఆపాను. నాకు చిరాకెత్తిపోయింది. ఈ ఆడవాళ్ళకు తమ గురించి ఒక్క వాక్యం లేదా అని అరిచాను కూడా.

ఏలూరావిడ వంతు వచ్చింది. "మా అమ్మాయి..." అని ఆగింది. టీ కప్పు కింద పెట్టింది.

"నేను... కాలేజీలో... నాటకాలు వేసేదాన్నండీ," అంది. "లేడీస్ కాలేజీ కదా. పొడుగ్గా ఉన్నానని మగ వేషాలన్నీ నాకే ఇచ్చేవాళ్ళు."

"ఏం వేషాలు? రాజువా?" అని అడిగింది స్లౌ ఆవిడ.

"అబ్బే, ఎప్పుడూ విలనేనండీ." కాసేపు తటపటాయించి, కొంగు నడుముకు బిగించి లేచి నిలబడింది. ఛాతీ విరిచింది. ఒక కనుబొమ్మ పైకెత్తి మమ్మల్నందరినీ పురుగుల్ని చూసినట్టు చూసి, పొట్టలో నుంచి నవ్వింది చూడండీ, పక్కింటి ఇంగ్లీషాయన ఏమైందోనని గోడ మీద దబదబా బాదాడు.

ఆవిడ ఆపలేదు. ఇంకొంచెం గట్టిగా నవ్వింది.